ఇసక నిద్ర

బాబాయి దినం అయిపోయి, వచ్చిన చుట్టాలంతా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాక, సుజాతా నేనూ కూర్చుని ఆయన గది సర్దుతుంటే అటక మీద వెనక మూల నుంచి పట్టా బయటపడింది. పట్టా అంటే వడ్ల బస్తాల మీద కప్పే టార్పాలిన్. మా నాన్నకి బందరు రోడ్డు మీద ధాన్యం కమీషను కొట్టు ఉండేది. అక్కడ పాతబడి మూల పడేసిన పట్టాని బాబాయి అడిగి తెచ్చుకున్నాడు. సుజాత ఒక అంచు పట్టుకుంది, నేనొక అంచు పట్టుకున్నాను, ఇద్దరం కలిసి దులిపాం. కుట్టు మడతల్లోంచి సన్నటి ఇసక జలజలా రాలి గచ్చంతా పరుచుకుంది. వడ్ల దుమ్ము, లాంతరు కిరసనాయిలు, ఏటి నీచు, మూడూ కలిసిన వాసన గుప్పున కొట్టింది. "నాన్న వాసనక్కా," అని సుజాత అక్కడే కూలబడి ఏడ్చేసింది. నేను దాన్ని దగ్గరికి తీసుకున్నాను, వీపు నిమిరాను, నా కళ్ళూ తుడుచుకున్నాను. అవన్నీ చేస్తూనే, నిజం చెప్పొద్దూ, మనసులో అనుకున్నది మాత్రం వేరు. ఈ ఇసక మీద ఇది పడుకుంది, నేను పడుకోలేదు. డెబ్బయ్యికి దగ్గర పడుతున్నదాన్ని, చావింట్లో ఉన్నదాన్ని, అయినా సరే కడుపులో ఆ పాత మంట భగ్గుమంది.

సుజాత మా బాబాయి కూతురు. నాకంటే కాస్త చిన్నది. పటమటలో మా తాత కట్టిన పెంకుటింట్లో అన్నదమ్ములిద్దరి కాపురాలూ ఒకే పొయ్యి మీద నడిచాయి. నాకూ దానికీ ఒకే రంగు పరికిణీలు కుట్టించేవాళ్ళు, ఒకే గిన్నెలోంచి తలకి నూనె రాసేవాళ్ళు, నాయనమ్మకి అటొకళ్ళం ఇటొకళ్ళం పడుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, దాని చోట అపార్టుమెంటు లేచింది. రెండో అంతస్తులో నేను, మొదటి అంతస్తులో బాబాయీ, ఆయన్ని చూసుకోటానికి వచ్చి ఉండిపోయిన సుజాత, దాని కూతురు లహరి. ఇన్నేళ్ళు ఒకే గోడల మధ్య బతికాం కాబట్టి చెబుతున్నాను, సుజాత దగ్గరున్నవి చాలా నా దగ్గర లేవు, నా దగ్గరున్నవి చాలా దాని దగ్గర లేవు. దాని నగలు చూసి నేను కుళ్ళుకోలేదు, దాని మొగుడి ఉద్యోగం చూసి కుళ్ళుకోలేదు. కుళ్ళుకున్నది ఒక్క ఇసక నిద్రకే. ఆ కుళ్ళు మాత్రం కడుపారా పెంచుకున్నాను.

ఇసక నిద్ర అనే పేరు బాబాయే పెట్టాడు. మనవాళ్ళకి గుళ్ళో నిద్ర చేయటం తెలుసు, కొత్తింట్లో నిద్ర చేయటం తెలుసు, మనిషి పోయిన ఇంటివాళ్ళని దగ్గరివాళ్ళు నిద్రకి తీసుకెళ్ళటం తెలుసు. ఏమీ లేకుండా ఊరికే వెళ్ళి ఏటి ఒడ్డున పడుకుని రావటం మాత్రం మా బాబాయికే తెలుసు. పటమటలో ఆయనకొక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పొద్దస్తమానం ఆ టకటకల మధ్య కూర్చుని చెవులు దిబ్బళ్ళు పడేవేమో, వరద తీసి లంకల్లో ఇసక ఆరిందంటే ఇక ఆయన కాలు నిలిచేది కాదు. స్నేహితులు ఇద్దరో ముగ్గురో, పట్టా, చాపలు, లాంతరు, మా అమ్మ వండిన పులిహోర, దద్దోజనం. ఏ సత్రానికీ రూపాయి కట్టకుండా, ఎవరి గుమ్మం తొక్కకుండా, మంచి చోటు చూసుకుని దిగటం. ఆకాశం ఉన్నది చూడ్డానికేగదమ్మా, పెంకులెందుకు మధ్యలో, అనేవాడు. మా నాన్న ఆ మాటకి నవ్వనైనా నవ్వేవాడు కాదు.

అయితే మొదటిసారి ఆయన చేసిన తెలివితక్కువ పని మా ఇంట్లో చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు. తోట్లవల్లూరు దాటాక రేవు బాగుంటుందని ఎవరో చెబితే, తెలియని చోటుకి చెప్పాపెట్టకుండా వెళ్ళకూడదని, అక్కడ మా అమ్మ తరఫు వాళ్ళకి ముందే కబురు పెట్టాడు. ఇంకేముంది! బస్సు దిగేసరికి బండి కట్టుకుని నిలబడ్డారట. "మా ఊరొచ్చి ఇసకలో పడుకుంటారా? మా పరువేం కావాలి? ఇంట్లో మంచాలు లేవనుకున్నారా?" అని నిష్ఠూరాలాడి, పట్టా లాక్కుని, ఇంటికి తీసుకెళ్ళి, బూరెలు వండి, పరుపులు వేసి పడుకోబెట్టారు. ఏరు ఎంత దూరమో కూడా చూడకుండా బాబాయి కొత్త పంచె పెట్టించుకుని తిరిగొచ్చాడు. అరుగు మీద దిగాలుగా కూర్చుని, "రాజ్యం, ఈ జిల్లాలో మనకి చుట్టాలు లేని ఊరు ఒక్కటి చూసిపెట్టమ్మా," అన్నాడు నాతో. రాజ్యం నేనే, రాజ్యలక్ష్మిని.

అలా మొదలైంది నా ఉద్యోగం. చుట్టాలు లేని ఊరు చూడటమంటే మాటలా? కృష్ణా జిల్లాలో ఏ రాయి తీసినా దాని కింద మనవాళ్ళే. కానీ మా నాయనమ్మ ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో కూర్చుని విస్తళ్ళు కుట్టేది. మోదుగాకుల పచ్చివాసన, చీపురుపుల్లలు విరిచే చప్పుడు, గడపలో పడుకున్న పిల్లి. నేను పుల్లలు అందిస్తూ ఒక్కో ఊరి పేరూ వదిలేదాన్ని. "నాయనమ్మా, ఘంటసాల పక్కన ఫలానా ఊళ్ళో మనకెవరున్నారే?" ఆమె ఆకు మీంచి తల ఎత్తేది కాదు. "ఎందుకు లేరే? మీ తాత మేనత్త ఆడపడుచుని ఇచ్చింది అక్కడేగా." "పోనీ ఆ పైన?" "అక్కడా? అక్కడ మనవాళ్ళు కాదుగానీ మీ పిన్ని పుట్టింటివాళ్ళ వియ్యాలవారు. వాళ్ళు మరీ ప్రమాదం, కోడిని కోసిందాకా వదలరు." ఇలా కొట్టేసుకుంటూ పోగా పోగా, ఏ వారానికో, ఆమె చెయ్యి ఆగేది. పుల్ల పళ్ళ మధ్య పెట్టుకుని ఆలోచించి, "ఊహూ, ఆ ఊళ్ళో మనకెవరూ లేరు," అనేది, ఏదో పాపం జరిగిపోయినట్టు. నాకు మాత్రం ఒళ్ళు పులకరించేది.

ఊరు దొరికితే సగమే అయినట్టు. మిగతాది నేను లంక నుంచి వంకాయల గంప తెచ్చే ఆవిడనీ, పాలబ్బాయినీ, పక్కింటి బస్సు కండక్టరుగారి భార్యనీ పట్టుకుని కనుక్కునేదాన్ని. ఆఖరి బస్సు ఎక్కడ ఆగుతుంది, గట్టు దిగటానికి బాట ఉందా, జమ్ము ఎంత దూరంలో ఉంది, జమ్ము ఉంటే పురుగూ పుట్రా ఉంటుంది కదా. తాగే నీళ్ళ బావి ఎటు పక్క, గాలి ఎటు నుంచి, వెన్నెల ఎప్పుడు, బ్యారేజీ గేట్లు ఎత్తే అదను కాదు కదా. బాబాయి సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ కట్టేసి వచ్చి అరుగు మీద కూర్చుంటే అన్నీ నోటితోనే ఒప్పజెప్పేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. "ఇంక నేను వెళ్ళక్కర్లేదమ్మా, నువ్వు చెబుతుంటేనే చూసేశాను," అనేవాడు. అనేవాడు గానీ వెళ్ళేవాడు. సుజాతని తీసుకుని వెళ్ళేవాడు.

నన్ను ఎందుకు తీసుకెళ్ళలేదో అర్థం కావాలంటే మా నాన్నని ఒకసారి చూడాలి. వడ్ల శాంపిలు అరచేతిలో పోసుకుని, ఉఫ్ అని ఊది, తాలు ఎంత, గింజ ఎంత అని చూసే మనిషి. ప్రపంచాన్నంతా అలాగే చూసేవాడు. బాబాయి ఒకసారి ఆయన ముందు నిలబడి, "అన్నయ్యా, ఈసారి రాజ్యాన్ని కూడా తీసుకెళ్దామనుకుంటున్నా," అన్నాడు. నేను తలుపు వెనకే ఉన్నాను. నాన్న అరచేతిలోంచి చూపు తిప్పకుండా, "పెళ్ళి కావలసిన పిల్ల. ఆరుబయట ఇసకలో పడుకుందని తెలిస్తే రేపు ఎవడన్నా మన గుమ్మం ఎక్కుతాడా?" అన్నాడు. "సుజాత వస్తోందిగా అన్నయ్యా." "అది నీ కూతురు. నీ ఇష్టం." అంతే. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఇద్దరు తండ్రులు. బాబాయి ఇంకో మాట అంటాడేమో, పోట్లాడతాడేమో అని తలుపు సందులోంచి చూశాను. ఆయన అన్నగారికి జన్మలో ఎదురు చెప్పలేదు, ఆ రోజూ చెప్పలేదు. కాళ్ళకి చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఇంక ఆ తర్వాత వాళ్ళు బయల్దేరే రోజులు నాకు నరకం. తెల్లారకముందే అమ్మ పులిహోరకి పోపు పెడుతుంటే ఇంగువ వాసన వసారా దాకా వచ్చేది. ఆ వాసనకి ఇప్పటికీ నా మొహం మాడుతుంది. చింతపండు రసం పిసికింది నేను, క్యారేజీలు సర్దింది నేను, లాంతరు చిమ్నీ ముగ్గుతో తోమింది నేను. సుజాత మాత్రం జడకి రిబ్బను కట్టించుకుని, చిన్న దిండు చంకన పెట్టుకుని, బాబాయి వేలు పట్టుకుని గేటు దాటేది. వెనక్కి తిరిగి తిరిగి చూసేది. నన్ను ఉడికించటానికే చూస్తోందనుకునేదాన్ని. మర్నాడు వచ్చేసరికి దాని ముక్కు ఎండకి కమిలి ఉండేది, జడ నిండా ఇసక. అది మధ్యాహ్నం నా పక్కన పడుకుంటే ఆ ఇసక నా దిండు మీద రాలేది. చిక్కులు తీస్తానని కూర్చోబెట్టుకుని కసిగా దువ్వేదాన్ని. "ఎలా ఉందే?" అని అడగకూడదనుకుంటూనే అడిగేదాన్ని. "ఏముందక్కా, ఇసక, నీళ్ళు," అనేది. ఇసకా, నీళ్ళూనట! నేను వారాల తరబడి అడిగి అడిగి తీసిన చోటుని అది రెండు మాటల్లో తేల్చేసేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

బాబాయి మాత్రం వచ్చినప్పుడల్లా నా కోసం ఏదో ఒకటి తెచ్చేవాడు. లంక జామకాయలో, చిలగడదుంపలో, పెరుగు ముంతో. "ఇవి నీకటమ్మా," అని నా చేతికే ఇచ్చేవాడు. "ఎవరిచ్చారు బాబాయ్?" అంటే, "ఎవరో, ఆ ఊరివాళ్ళు," అని మాట దాటేసేవాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళు నాకెందుకిస్తారు? తీసుకెళ్ళనందుకు ఇది లంచమని నాకు ఖాయంగా తెలుసు. ముట్టుకునేదాన్ని కాదు. జామకాయలు పళ్ళెంలో అలా పెట్టి ఉంచితే సుజాత ఒక్కోటి తీసుకుని ఉప్పూకారం అద్దుకుని కరకరా తినేది. అవి కూడా దాని పొట్టలోకే.

పెళ్ళయింది, బ్యాంకులో ఉద్యోగమొచ్చింది, ఊళ్ళు తిరిగాను. మావారు మంచివాడేగానీ ప్రయాణమంటే పెళ్ళిళ్ళూ తద్దినాలే. దారిలో ఎక్కడన్నా బస్సు కరకట్ట మీదుగా వెళ్తుంటే కిటికీలోంచి చూసి, అదిగో ఆ రేవు నేను చెప్పిందే, అనుకునేదాన్ని. పక్క సీట్లో ఆయన నిద్రపోతుండేవాడు. మొదట మా నాన్న పోయాడు, తర్వాత మావారు. ఒంటరిగా వెళ్ళి ఏటి ఒడ్డున పడుకునే ధైర్యం నాకు లేదు. తోడు రమ్మని సుజాతని అడిగే మనసూ లేదు.

లహరి సంగతి వేరు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో పని చేస్తుంది. శనివారం వచ్చిందంటే స్నేహితులతో కలిసి గుడారం కారులో పడేసుకుని పోతుంది. కొండపల్లి వెనక, హంసలదీవి దగ్గర, ఎక్కడ పడితే అక్కడ. పొద్దున్నే నా ఫోనులో దాని స్టేటస్: పొగమంచులో పసుపుపచ్చ గుడారం, చేతిలో కాఫీ కప్పు, వెనక ఏరు. ఆ ఫోటోలు చూడకూడదనుకుంటాను. చూస్తాను. పెద్దవి చేసుకుని మరీ చూస్తాను. "రూపాయి ఖర్చు లేదు తెలుసా పెద్దమ్మా," అంటుంది. దానికి నాయనమ్మ అక్కర్లేదు, వంకాయల గంప ఆవిడ అక్కర్లేదు. ఫోనులో పైనుంచి చూస్తుంది. తెల్లగా ఉంటే ఇసక, ముదురుపచ్చగా ఉంటే జమ్ము. ఇంతకు ముందు వెళ్ళినవాళ్ళు నీళ్ళున్నాయో లేదో, కారు దిగుతుందో లేదో అందులోనే రాసి పెడతారట. నాకు కొన్ని వారాలు పట్టిన పనిని అది ఆటోలో ఇంటికొస్తూ చేసేస్తుంది. "ఎవర్ని అడిగి వెళ్తావే?" అన్నానొకసారి. అది నిజంగానే అర్థంకాక నా వైపు చూసింది. "ఎవర్ని అడగాలి పెద్దమ్మా? అమ్మకి లొకేషన్ పెడతాగా."

పట్టా దులిపిన రోజు సాయంత్రం సుజాత పైకి వచ్చి నా వంటింట్లో కూర్చుంది. దినం అయ్యాక దాన్ని నిద్రకి తీసుకెళ్ళాల్సింది దగ్గరిదాన్ని కాబట్టి నేనే. "ఇవాళ ఇక్కడే పడుకో, నిద్ర అయినట్టుంటుంది," అన్నాను. "కింద ఇంట్లోంచి మెట్లెక్కి వస్తే నిద్ర అవుతుందా అక్కా?" అంది అది, ఏడుపు మొహంతోనే నవ్వి. నిజమే. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో వచ్చేసింది. "అయితే ఇసకలో చేద్దాం. బాబాయి చేసినట్టు." దాని కోసం అన్నానని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చు. నేను నా కోసమే అన్నాను. సుజాత మొహం అదోలా పెట్టింది. "ఇసకలోనా?" అంది. కొంగుతో మొహం తుడుచుకుని, "సరే, నీ ఇష్టం," అంది. వద్దనే మనిషి కోసం నేను చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఇంట్లో అందరికంటే పెద్దదాన్ని నేనే అయిపోయాను.

లహరి ఎగిరి గంతేసింది. భోజనాల బల్ల మీద ఫోను పెట్టి, "ఇదిగో పెద్దమ్మా, ఇది ఎలా ఉంది?" అని ఒక్కోటీ చూపించింది. "వద్దు, అక్కడ మా అమ్మ మేనమామ మనవరాలిని ఇచ్చారు." "ఇది?" "అమ్మో, మీ నాన్న తరఫువాళ్ళు, చేపల చెరువులున్నాయి వాళ్ళకి." "ఇది మాత్రం ఎవరూ లేరు, చూడు, అసలు ఇళ్ళే లేవు!" "ఇళ్ళు గట్టుకి అటుపక్కన ఉంటాయి. మా తాత పిన్ని అక్కడిదే." అది తల పట్టుకుంది. "పెద్దమ్మా, వాళ్ళంతా ఎప్పుడో హైదరాబాద్ వెళ్ళిపోయుంటారు. ఇప్పుడెవరు పట్టించుకుంటారు?" "ఒక్కళ్ళు మిగిలున్నా చాలు, పరుపు వేసేస్తారు," అన్నాను. చివరికి ఫోను పక్కన పెట్టేసి నేనే చెప్పాను, నాయనమ్మ పుల్ల పళ్ళ మధ్య పెట్టుకుని ఆలోచించిన ఊరు. బాబాయి అన్నిటికంటే ఎక్కువసార్లు వెళ్ళిన చోటు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరంతా వెళ్తారు, ఫోటోలు పెడతారు, నేను చూసి మళ్ళీ ఏడవాలి.

మాఘమాసపు మధ్యాహ్నం బయల్దేరాం. పులిహోర నేనే చేశాను. కారు కరకట్ట ఎక్కాక నేను దారి చెబుతూ కూర్చున్నాను, ఎప్పుడూ చూడని దారి. రావిచెట్టు దగ్గర మలుపు తిరగాలి అన్నాను. చెట్టు లేదు, సెల్ టవర్ ఉంది. మలుపు మాత్రం అక్కడే ఉంది. గట్టు దిగిన బాట ఉంది. బావి ఉండాల్సిన చోట నీళ్ళ ట్యాంకు ఉంది. ఏటి దగ్గరికి వెళ్ళి చూస్తే ఇసక నేననుకున్నంత లేదు. లారీలతో తవ్వుకుపోయిన గోతులు అక్కడక్కడా మిగిలి వాటిలో నీళ్ళు నిలిచాయి. అయినా ఒక మూల, నీటి అంచున, తెల్లగా పరుచుకుని ఉంది. నేను చెప్పులు విప్పి నిలబడ్డాను. పైన వెచ్చగా, వేళ్ళు దిగితే లోపల చల్లగా ఉంది. ఈ సంగతి సుజాత నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. దొంగముఖంది! ఇసకా నీళ్ళూ అంది అంతే.

లహరి కారుని గట్టు మీద పెట్టటానికి వెళ్ళింది. మేమిద్దరం పట్టా పరుస్తుంటే మోపెడ్ మీద ఒకాయన వచ్చి ఆగాడు. లుంగీ, మెడలో తువ్వాలు, మా వయసే ఉంటుంది.

"ఏ ఊరండీ మనది?" అన్నాడు.

"బెజవాడండీ," అన్నాను, ఇంకేం చెప్పకూడదని.

"బెజవాడలో ఎక్కడండీ? ఏ ఇంటివారు?"

సుజాత నోరు తెరవబోయింది. దాని చెయ్యి గిల్లాను. "మాకు ఈ చుట్టుపక్కల ఎవరూ లేరండీ," అన్నాను గబగబా. "ఏ ఊళ్ళోనూ లేరు. అసలు మాకెవరూ లేరు."

అన్నాక తెలిసింది ఎంత పొరపాటు చేశానో. ఆయన మొహం జాలితో కరిగిపోయింది. "అయ్యో, ఎవరూ లేకపోవటమేంటమ్మా? మేం లేమూ? ఈ వయసులో ఆడవాళ్ళు ఇసకలో పడుకోటమేంటి? పదండి పదండి, మా ఇంటికి. మా ఆవిడ అన్నం వండేస్తుంది." అప్పటికే మోపెడ్ స్టాండు వేసి, మా పులిహోర సంచీ చేతిలోకి తీసుకున్నాడు. "వద్దండీ, పర్లేదండీ," అంటూ నేను సంచీ రెండో చెవి పట్టుకున్నాను. ఆయన లాగుతాడు, నేను లాగుతాను. నా కళ్ళ ముందు పరుపు కనపడింది, ఫ్యాను కనపడింది. జన్మంతా ఎదురుచూసిన నిద్ర ఒక పెద్దమనిషి మంచితనంలో పడి కొట్టుకుపోతోంది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు సుజాత, నింపాదిగా, అచ్చం బాబాయి గొంతులో, "మొక్కండీ," అంది.

ఆయన సంచీ వదిలేశాడు. "మొక్కా?"

"అవునండీ. మా అన్నయ్యగారి అమ్మాయికి ఒంట్లో బాగుండదండీ. ఆ పిల్ల పేరున కృష్ణమ్మ ఒడ్డున ఇసక నిద్ర చేస్తామని మొక్కుకున్నాం. ఇంట్లో పడుకోకూడదండీ." ఒక్క ఊపిరిలో, నీళ్ళు తాగినట్టు చెప్పేసింది.

"అయ్యయ్యో, ముందే చెప్పొద్దామ్మా? పిల్ల పేరేంటి?"

"రాజ్యలక్ష్మండీ."

"తగ్గిపోతుందమ్మా, అమ్మ చూసుకుంటుంది," అని ఏటి వైపు తిరిగి దణ్ణం పెట్టి, తువ్వాలు సర్దుకుని, మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు.

నేను సంచీ పట్టుకుని అలాగే నిలబడ్డాను. "ఏంటే అది?" అన్నాను.

"ఏముందక్కా, నాన్న చెప్పేదే. ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకళ్ళు వచ్చి ఇంటికి రమ్మనేవాళ్ళు. చుట్టాలు లేకపోయినా వచ్చేవాళ్ళు. అప్పుడు నాన్న ఈ మాట చెప్పేవాడు. ఇంక ఎవరూ బలవంతం చేసేవాళ్ళు కాదు." అది పట్టా అంచు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. "ప్రతి చోటా నీ పేరే. రెండోసారి వెళ్తే, పిల్లకెలా ఉందండీ అని అడిగేవాళ్ళు. ఆడవాళ్ళు నీ పేరు చెప్పి దీపాలు వదిలేవాళ్ళు. నేను పక్కనే నిలబడి ఉంటే ఈ పిల్లెవరని ఒక్కళ్ళూ అడగలేదు. మా నాన్న నోట్లో కూడా, ఈ చోటు రాజ్యం చూసింది, ఈ గాలి రాజ్యం చెప్పింది, ఇదే. నాకసలు నీళ్ళంటే భయం అక్కా. ఇంట్లో నాయనమ్మ పక్కన నువ్వొక్కదానివే దుప్పటంతా లాక్కుని పడుకునుంటావని తలుచుకుని ఏడ్చేదాన్ని. గేటు దగ్గర నీ వంక ఎందుకు చూసేదాన్ననుకున్నావ్? నువ్వు పిలిస్తే ఆగిపోదామని."

దాన్ని చూసి జాలిపడాలి. పడలేదు. భయపడటానికైనా ఏరు ఉండాలిగా, దానికుంది. నాకు నాయనమ్మ దుప్పటి ఉంది. కానీ అంతకంటే ఎక్కువగా నాకు కుళ్ళు పుట్టింది ఇంకొకరి మీద. ఆ పేరు మీద. రాజ్యలక్ష్మి ఈ జిల్లాలో ప్రతి రేవుకీ వెళ్ళింది, ప్రతి ఇసకలోనూ నిద్ర చేసింది, అందరి చేతా దీపాలు వదిలించుకుంది. అన్నగారికి ఎదురు చెప్పలేని బాబాయి ఆమెని జేబులో పెట్టుకుని ఊరూరూ తిప్పాడు. నేను మాత్రం పటమటలో కూర్చుని లాంతరు చిమ్నీ తోముకున్నాను. ఒక్క మాట చెప్పొచ్చుగా బాబాయ్! చెబితే నాన్న దాకా వెళ్తుందని భయపడ్డాడేమో. పిల్లకి జబ్బని ఊరంతా చాటాడని తెలిస్తే ఇంక పెళ్ళి మాటేంటని మా నాన్న ఇల్లు పీకి పందిరేసేవాడు. ఏటి వంక తిరిగి ఆయన్ని తిట్టుకుంటూ ఏడ్చాను. దినాల్లో అంత ఏడవలేదు.

లహరి వచ్చి గుడారం వేసింది. నేనూ సుజాతా పట్టా మీదే పడుకుంటామని చెప్పేశాను. పొద్దు గుంకుతుండగా మోపెడ్ మళ్ళీ వచ్చింది. ఈసారి ఆయన వెనక భార్య కూర్చుని ఉంది. ఆవిడ దిగి, కొంగులోంచి జామకాయలు తీసి సుజాత చేతిలో పెట్టింది. "మా దొడ్లోవమ్మా. మీరు తినకండి, ఇంటికెళ్ళాక ఆ పిల్లకి ఇవ్వండి. నోరు చేదుగా ఉంటుంది కదా పాపం," అని చెప్పి, చీకటి పడకముందే వెళ్ళాలని వెళ్ళిపోయారు.

సుజాత జామకాయల వంక చూసి, నా వంక చూసి, నవ్వటం మొదలుపెట్టింది. "ఇలాంటివన్నీ నేనే తినేశానక్కా," అంది. పళ్ళెం, ఉప్పూకారం, కరకర శబ్దం, అన్నీ గుర్తొచ్చాయి. దాని ఒళ్ళోంచి జామకాయలన్నీ తీసుకుని నా ఒళ్ళో పోసుకున్నాను. దోరగా ఉన్నదాన్ని ఏరి, కొంగుతో తుడిచి, ఇసకలో కాళ్ళు దూర్చుకుని కొరికాను. సుజాత చెయ్యి చాపింది.

"పిల్లకి పంపించారే," అన్నాను. ఇవ్వలేదు.